సంద్రం తాగిన బండి

మా ఇంట్లో ఆ పికప్ బండిని అందరూ తమ్ముడి బండి అనేవారు. ఆ తమ్ముడు మా ఆయన. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని, సైకిలు తప్ప ఇంకేదీ నడపని మనిషి. స్టీరింగు ముందు కూర్చోబెడితే ఆయనకి చేతులు వణుకుతాయి. బండి నడిపేది నేను. కాయ ఎక్కించేదీ దించేదీ నేను, టైరు పంక్చరైతే జాకీ పెట్టేదీ నేను, పోలీసాయన చెయ్యెత్తితే కాగితాలు పట్టుకుని దిగేదీ నేనే. అయినా ఊరంతటికీ అది తమ్ముడి బండే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మండినా పైకి అనేదాన్ని కాదు, ఎందుకంటే ఆ పేరు పెట్టింది మా బావగారు.

బావగారంటే మా ఆయనకి సొంత అన్న. ఉద్దానంలో మా కొబ్బరితోట, దాని మధ్యలో పనసచెట్లు, గట్టు పక్కన జీడితోట, అన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి. చెడ్డమనిషని ఎవరూ అనలేరు. మాట తక్కువ, అంతే. ఆయన "ఊఁ" అన్నారంటే ఆ పని అయిపోయినట్టే. "సూద్దాం" అన్నారంటే ఇక ఆ పని ఈ జన్మకి కానట్టే. బండి కొందామని నేను అడిగినప్పుడు సూద్దాం అనే అన్నారు. మందసలో ఒక షావుకారు వాడి వాడి వదిలేసిన పికప్పుని మా ఆయన్ని వెంటేసుకుని వెళ్ళి నేనే తెచ్చుకున్నాను. అప్పటికే దానికి వయసైపోయింది, రంగు వెలిసింది, ఎడమ తలుపు లోపల్నుంచి తీస్తేనే తెరుచుకుంటుంది. తెచ్చిన రోజు బావగారు దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, తమ్ముడు బండి కొన్నాడు అని వీధిలో చెప్పారు.

ఆ బండి మాకు ఏం చేసిందో చెప్పాలి. అంతకుముందు మా పనసకాయలకి ధర చెప్పేవాడు ఒక దళారి. కాయ ముదిరిందని కబురు పెడితే వచ్చేవాడు కాదు. వస్తాను, రేపొస్తాను అంటూ గడిపేవాడు. చెట్టు కింద పండు వాసన మొదలయ్యాక, ఇక కాయ ఆగదని వాడికీ మాకూ తెలిశాక, అప్పుడు చేతులూపుకుంటూ వచ్చి వాడికి తోచింది చెప్పేవాడు. తలూపడం తప్ప మాకు ఇంకో దారి ఉండేది కాదు. బండి వచ్చాక, తెల్లారకట్ట కోసిన కాయ ఎండెక్కేలోపు పలాసలో ఉండేది. దళారి మా గుమ్మం తొక్కడం మానేశాడు. ఆ మొదటి వేసవి నేను ఎంత పొగరుగా తిరిగానో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

రెండో వేసవిలో ఒక రోజు అక్కుపల్లిలో పెళ్ళివారింటికి కొబ్బరికాయలు దింపి తిరిగొస్తున్నాను. ఒడ్డు వెంబడి ఇసుక రోడ్డు మీద, సరుగుడు తోట పక్కన, బండి బుస్సుమంటూ ఆవిరి వదిలి ఆగిపోయింది. రేడియేటర్లో నీళ్ళు ఆవిరైపోయాయి. అప్పుడప్పుడూ అలా జరిగేది, ఇంటి బోరు నీళ్ళు పోసి నడిపేసేదాన్ని. కూలంట్ అనే మాట విన్నానే గాని అది ఏ రంగులో ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు క్యాను ఖాళీ. దగ్గర్లో ఇల్లు లేదు. క్యాను పట్టుకుని ఎండలో నడిచి నడిచి ఒక ఇంట్లో నీళ్ళు అడిగి తెచ్చేసరికి, మాకు చేపలు తెచ్చిచ్చే మత్స్యకారుడు బండి పక్కన నవ్వుతూ నిలబడి ఉన్నాడు. నన్ను అప్పా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. ఇంజను చల్లారేదాకా కాపలా కాసి, గోనెపట్టా వేసి మూత తిప్పి, నీళ్ళు నింపేశానన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మిగిలిన కొబ్బరికాయలు వాడి చేతిలో పెట్టి, వాడి పిల్లాపాపా చల్లగా ఉండాలని దీవించి మరీ వచ్చాను.

ఆ తర్వాత బండికి జ్వరం పట్టుకుంది. ఊరు దాటేలోపే వేడి చూపించే ముల్లు ఎరుపులోకి పోయేది. కాశీబుగ్గ రైలు గేటు దగ్గర పనసకాయల లోడుతో అందరి ముందూ పొగలు కక్కి నిలబడింది. వెనకాల హారన్లు, పక్కనున్నవాళ్ళ సలహాలు, ఆడమనిషి బండి నడిపితే ఇలాగే ఉంటుందని ఒకాయన గొణుగుడు. ఆ రోజు ట్రాక్టరుకి తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. కాయ సగం ఎండకి మెత్తబడిపోయింది. కొన్నాళ్ళకి మళ్ళీ అదే తాడు, అదే ట్రాక్టరు. మూత దగ్గర తెల్లగా పేరుకుంటుంటే చూశాను గాని అనుమానం రాలేదు. మా ఊరి బోరు నీళ్ళకి వంటగిన్నెలకే తెల్లపొర కడుతుంది, రేడియేటరుకి కట్టదా అనుకున్నాను.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర బావగారు కంచం లోంచి తలెత్తకుండానే తేల్చేశారు.

"ఇంకోపాలి తాడు కట్టుకొని ఇంటికొచ్చిందంటే టెక్కలి తుక్కు కొట్టోడికి ఇచ్చీడమే. నాను మాటాడీసినాను."

మాట్లాడేశారట. నాతో కాదు, తుక్కువాడితో. మా ఆయన నావైపు చూసి మజ్జిగ పోసుకున్నాడు.  నా కళ్ళ ముందు ఆ దళారి చేతులూపుకుంటూ మా తోట గేటు తీస్తున్నట్టు కనిపించాడు. బండి పోతే నేను మళ్ళీ చెట్టు కింద కూర్చుని వాడి దయ కోసం చూడాలి. చస్తే చూడనని ఆ కంచం ముందే అనుకున్నాను.

మర్నాడు చల్లటి వేళలో ఖాళీ బండిని మెల్లగా నడుపుకుంటూ పలాసలో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. పెద్దాయన, మాట కరుకు. చల్లారిన ఇంజను మీద మూత తీసి, మూత కింద తెల్లపొరని గోటితో గీకి, ఇది బోరు నీళ్ళ తెలుపు కాదే అన్నాడు. నేనూ వేలు పెట్టి నాలిక మీద రాసుకున్నాను. ఉప్పు. కూరలో వేసుకునేంత ఉప్పు. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. ఒక్కసారిగా అక్కుపల్లి ఒడ్డు గుర్తొచ్చి నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

మెకానిక్ చెప్పింది ఇదీ. ఉప్పు లోపల తినేస్తోంది గాని ఇంకా చిల్లి పడలేదు. పూర్తిగా కడిగి మంచి కూలంట్ పోస్తే బతుకుతుంది, ఇలాగే వదిలేస్తే ఈ నెల దాటదు. ఆయన షెడ్డులో మాత్రం బళ్ళు బారులు తీరి ఉన్నాయి, వారం దాకా చెయ్యి ఖాళీ లేదు. కడగడం పెద్ద విద్యేం కాదు, నువ్వే చేసుకో అని, కింద గొట్టం ఎక్కడ విప్పాలో, ఏ క్లిప్పు వదులు చెయ్యాలో చూపించాడు. కొనేటప్పుడు రంగు చూసి మోసపోవద్దని కూడా చెప్పాడు. కొత్త బళ్ళ రేడియేటర్లు అల్యూమినియంతో వస్తాయట. నాది పాతకాలంది, ఇత్తడి, సీసం అతుకులు. ఇత్తడికీ అతుకులకీ పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే తీసుకోమన్నాడు. ఒక రకంలో ఇంకో రకం కలిపితే లోపల జావలా చిక్కబడి కూర్చుంటుందట.

అక్కడినుంచి ఇంటికి రాలేదు. ఆ ఖాళీ బండితోనే నేరుగా అక్కుపల్లి ఒడ్డుకి పోయాను. వాడు అప్పుడే వేట నుంచి వచ్చినట్టున్నాడు, తెప్ప ఇంజను విప్పి నీళ్ళ డ్రమ్ములో నిలబెడుతున్నాడు. నేను చెప్పులు విడిచి ఇసుకలో దిగాను, వాడి పక్కనున్న తెడ్డు మీద నా కన్ను పడింది.

"ఆ రోజు నా బండిలో ఏటి పోసినావురా?"

"నీల్లే పోసినానప్పా."

"ఏ నీల్లు?"

వాడు గడ్డంతో సముద్రం వైపు చూపించాడు. మొహంలో ఏ కల్మషమూ లేదు.

"మా ఇంజను దినామూ ఇదే తాగుతాది గదప్పా. దానికెప్పుడూ ఏటీ అవనేదు."

 నాకు నవ్వొచ్చింది. కోపంతో ఊగిపోతూ నవ్వు ఆపుకోలేకపోవడం ఎంత అవమానమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. వాడు అన్నదాంట్లో తప్పేముంది? వాడికి తెలిసిన ఇంజను అదొక్కటే. అది సముద్రాన్ని ఒక పక్క నుంచి తీసుకుని ఇంకో పక్క నుంచి వదిలేస్తుంది, ఎప్పటికప్పుడు కొత్త నీరు. నా బండిలో అలా కాదు, పోసిన నీళ్ళే తిరిగి తిరిగి కాగి కాగి లోపలే ఉంటాయి. ఇసుకలో వేలితో గీతలు గీసి అదంతా చెప్పాను. సగం చెప్పేసరికే వాడి మొహం వాడిపోయింది.

"అంటే ఉప్పు లోపలే ఉండిపోనాదా అప్పా?"

ఉప్పు సంగతి వాడికి ఒకరు చెప్పక్కర్లేదు. ఒడ్డుకి చేరిన ప్రతిసారీ వాడు చేసే మొదటి పని అదే, మంచినీళ్ళ డ్రమ్ములో ఇంజను తిప్పి ఉప్పు కడగడం. అలసిపోయి కాళ్ళు నిలవకపోయినా ఆ పని మానడు, వాళ్ళ ఒడ్డున ఎవ్వరూ మానరు. రేపొస్తాను, నేను పెట్టిన ఉప్పు నేనే తీస్తాను అన్నాడు. తెడ్డుని నేను మళ్ళీ చూడలేదు.

అన్నమాట ప్రకారం వచ్చాడు, రబ్బరు గొట్టం మెడకి చుట్టుకుని. మా పెరట్లో కాస్త ఏటవాలుగా ఉన్న చోట బండి ముక్కు పైకి ఉండేలా నిలబెట్టాం. కింద గొట్టం విప్పగానే ముందు టీ రంగు, తర్వాత ఇటుక రంగు నీళ్ళు బొళబొళా కారాయి. వాడు పై నుంచి బోరు నీళ్ళు వదలడం, నేను ఇంజను స్టార్ట్ చేసి కాసేపు తిప్పడం, ఆపి చల్లారనివ్వడం, మళ్ళీ వదలడం. పొద్దంతా ఇదే పని. వచ్చే నీళ్ళని వాడు వేలితో తీసుకుని నాలికకి రాసుకుని ఉమ్మేసేవాడు. ఇంకా ఉందప్పా అనేవాడు. ఇంజను కడిగినప్పుడు వాళ్ళు చూసుకునేది అలాగేనట. బావగారు అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చున్నారు గాని పేజీ తిప్పగా నేను చూడలేదు.

నీళ్ళు తేటగా వచ్చాయి. వాడు నాలికకి రాసుకుని, పోయిందప్పా అన్నాడు. అయినా నా మనసు ఒప్పలేదు. ఉప్పు పోయినా బోరు నీళ్ళ తెలుపు ఎక్కడికి పోతుంది? ఇంట్లోకి వెళ్ళి తాగే నీళ్ళ క్యాను పట్టుకొచ్చాను. మా వీధిలో ప్రతి ఇంటికీ మంచినీళ్ళ ప్లాంటు నుంచి క్యాను వస్తుంది, అది గొంతు కోసమే. గిన్నెలకి, బట్టలకి, చెట్లకి బోరు. చిన్నపిల్లలు కూడా ఆ రెండూ కలపరు. బావగారు పేపరు దించారు.

"నోటికి తెచ్చుకున్న నీల్లు ఇంజనుకి పోత్తన్నావేటమ్మా. బోరు నీల్లకేటైపోనాది?"

"మనుసులకే పడనేదు గదా బావగారూ."

అనేశాను.  మా మావగారు, అంటే ఆయన తండ్రి, కిడ్నీలు పోయి చనిపోయారు. మా ఉద్దానంలో ఆ మాట వినని ఇల్లు లేదు. నీళ్ళేనో, ఇంకేదైనానో, ఎవరూ ఇదీ అని తేల్చి చెప్పలేదు, కానీ ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ బోరు నీళ్ళు నోట్లో పోసుకోలేదు.  బావగారు పేపరు మళ్ళీ పైకెత్తారు. నేను క్యాను వంచి ఆఖరి కడుగుడు కడిగేశాను.

కూలంట్ కోసం బస్సెక్కి పలాస వెళ్ళాను. స్పేర్ పార్టుల కొట్టులో డబ్బాలు వరసగా ఎర్రవి, పచ్చవి, నీలివి. కొట్టాయన ఎరుపు ఇచ్చేస్తాను, అదే ఇప్పుడు బాగా పోతోంది అన్నాడు. పక్కన ఆటో బ్యాటరీ కోసం వచ్చినాయన పచ్చదే చలవ అన్నాడు. ఇంకొకాయన రెండూ చెరి సగం పోస్తే డబుల్ పవరని సలహా ఇచ్చాడు. జావ సంగతి తెలియకపోతే నేనూ ఆ మాటకి పడిపోయేదాన్నేమో. రంగు చూసి కొనడానికి ఇదేమైనా చీరా అని, కళ్ళజోడు పెట్టుకుని డబ్బాలు ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చదవడం మొదలుపెట్టాను. కొట్టాయనకి విసుగొచ్చింది. మీ ఆయన్ని పంపకపోయారామ్మా, ఏ రంగో చెప్పేవారు అన్నాడు. మా ఆయనకి నా చీర రంగే తెలీదు, దీని రంగేం తెలుస్తుంది అన్నాను. ఆటో ఆయన పగలబడి నవ్వాడు.

చివరికి ఒక పచ్చ డబ్బా వెనక, చీమ తలంత అక్షరాల్లో, రాగికీ ఇత్తడికీ అతుకులకీ తుప్పు పట్టనివ్వదని రాసి ఉంది. అదే రకం ఎరుపులో దొరికినా తెచ్చుకునేదాన్ని. అది నీళ్ళు కలుపుకోవాల్సిన చిక్కటి సరుకు, సగానికి సగం. ఏ నీళ్ళు కలపాలో నన్నెవరూ అడగలేదు, నేనే బ్యాటరీ వాటర్ ఇమ్మన్నాను. బ్యాటరీలో పోసే ఆ నీళ్ళలో ఉప్పూ ఉండదు, తెలుపూ ఉండదు. డబ్బాలు రెండు చేతుల్లో పట్టుకుని బస్సులో నిలబడి ఇంటికొచ్చానంటే, ఎవరెస్టు ఎక్కి దిగినంత గర్వం. కొట్టులో జరిగిందంతా రాత్రి అన్నాల దగ్గర అందరికీ కథలా చెప్పాను.

మర్నాడు పొద్దున్నే శుభ్రమైన బకెట్లో రెండూ కలిపి మెల్లగా పోశాను. మళ్ళీ వచ్చిన మత్స్యకార తమ్ముడు గరాటు పట్టుకున్నాడు. నిండింది. మూత పెట్టి స్టార్ట్ చేశాను. కాసేపు బాగానే ఉంది. తర్వాత ముల్లు కదిలింది. సగం దాటింది. ఇంకా పైకి పోతోంది.  బావగారు అరుగు దిగలేదు, కానీ జేబులోంచి ఫోను తీసి చేతిలో పట్టుకున్నారు. ఆ ఫోను ఎవరికి పోతుందో నాకు తెలుసు.

ఇంజను ఆపేశాను. పిచ్చెక్కినట్టుంది. అన్నీ చెప్పినట్టే చేశాం కదా, ఇంకేం చెయ్యాలి? తమ్ముడి వైపు చూశాను, వాడూ బిక్కమొహం వేశాడు. వాణ్ణి చూస్తుంటేనే ఒకటి గుర్తొచ్చింది. ఒడ్డున తెప్ప బయల్దేరే ముందు వాడు ఇంధనం గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బుడ్డిని పిసుకుతూ ఉంటాడు. గట్టిపడేదాకా పిసికితే గొట్టంలో గాలి పోతుంది, అప్పుడు గాని ఇంజను అందుకోదు. నా బండిలోనూ గాలే ఇరుక్కుందేమో. అంతా ఖాళీ చేసి కొత్తగా నింపాం కదా, గాలి ఎక్కడికి పోతుంది?

ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆగాం. వేడి మీద మూత తీస్తే మొహం కాలిపోతుంది, ఆ తొందర మాత్రం నేను ఎప్పుడూ పడలేదు. చల్లారాక మూత తీసి, తీసే ఉంచి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా పై గొట్టాన్ని పట్టుకుని పిసకడం మొదలుపెట్టాను. మొదటి పిసుకుడుకే బుడగలు బుడబుడా పైకొచ్చాయి. తమ్ముడు కెవ్వున కేకేశాడు. పిసికేకొద్దీ బుడగలు, నీళ్ళ మట్టం కిందికి, వాడు పైన పొయ్యడం. కొంతసేపటికి ఒక్క బుడగ కూడా రాలేదు. పచ్చటి నీరు నిండుగా, కదలకుండా నిలబడింది. మూత బిగించి మళ్ళీ తిప్పాను. ముల్లు సగం దాకా వచ్చి అక్కడే ఆగింది. ఎంతసేపు చూసినా అక్కడే ఉంది. తమ్ముడూ నేనూ పెరట్లో అందరూ చూస్తుండగా చేతులు చరుచుకున్నాం. బావగారు ఫోను జేబులో పెట్టుకున్నారు.

ఆ హడావుడిలో కాస్త కూలంట్ నేల మీద ఒలికింది. వీధి కుక్క ఒకటి వాసన పట్టి నాకబోయింది. నేను బకెట్ విసిరి దాన్ని తరిమాను. తమ్ముడు వేలు ముంచబోతే చెయ్యి మీద ఒకటేశాను. అది తియ్యగా ఉంటుంది, అదే దాని కుట్ర, లోపలికి పోతే ముందు కిడ్నీల్నే పట్టుకుంటుంది, డబ్బా మీద రాసి ఉంది అని చెప్పాను. కిడ్నీ అనే మాట వినగానే బావగారు అరుగు దిగారు. పార తెచ్చి, ఒలికిన చోట మట్టి కప్పి, తడి మట్టంతా తవ్వి పాత డబ్బాలోకి ఎత్తి మూత బిగించారు. నూతికీ బోరుకీ దూరంగా, పిల్లలకీ కుక్కలకీ అందకుండా దాన్ని పాకలో పైకెక్కించి పెట్టారు. ఆయన పార పట్టుకోవడం చూసి చాలా ఏళ్ళయింది. చేతులు కడుక్కుంటూ, రేపు టెక్కలికి పనస లోడెయ్యి, నేనూ వస్తాను అన్నారు. టెక్కలి అనేసరికి నాకు అర్థమైంది. బండి దారిలో పొంగితే తుక్కు కొట్టు దగ్గరే దింపేస్తారు.

తెల్లవారాక లోడు కట్టాం. తోటలో ఉన్న ముదురు కాయంతా వేశాను, ఒక్కటి కూడా తగ్గించలేదు. తగ్గిస్తే భయపడ్డట్టు ఉంటుంది. బావగారు నా పక్క సీట్లో కూర్చుని, ఐదు లీటర్ల నీళ్ళ డబ్బా మోకాళ్ళ మధ్య పెట్టుకున్నారు. బండి పొంగితే పొయ్యడానికట. నేను చూడనట్టే ఊరుకున్నాను. ఊరు దాటాం, ముల్లు సగం. పలాస చేరాం, సగం. ఆయన రోడ్డు చూడలేదు, దారి పొడుగునా ఆ ముల్లునే చూశారు.

కాశీబుగ్గ గేటు దగ్గరికొచ్చేసరికి సరిగ్గా గేటు పడింది. ఎండ మాడుస్తోంది. ముందు లారీ, వెనక బస్సు, ఎటూ కదలడానికి లేదు. చుట్టూ అందరూ ఇంజన్లు ఆపేశారు. ఆపెయ్యమ్మా అన్నారు బావగారు. ఆపను బావగారూ అన్నాను. అంతకుముందు నా పరువు పోయింది ఆ గేటు దగ్గరే, ఈ బండి ఏమిటో అక్కడే తేలాలి. గూడ్సు వచ్చింది. పెట్టెలు పెట్టెలు పెట్టెలు, తరగవే. అది పోయిందనుకుంటే గేటు లేవలేదు, రెండో పక్క నుంచి ఇంకొకటి. నా చీర వీపుకి అంటుకుపోయింది.  ముల్లు ఒక వెంట్రుకవాసి పైకి కదిలింది, ముందు ఫ్యాను రయ్యిమంది, ముల్లు మళ్ళీ సగానికి దిగి కూర్చుంది. బావగారు ఊపిరి వదలడం నాకు వినిపించింది.

గేటు లేస్తుండగా మా పక్కన నిలబడ్డ పికప్పు, మాకంటే కొత్తది, బుస్సుమంటూ పొగ వదిలింది. డ్రైవరు కిందికి దూకి నీళ్ళ కోసం అటూ ఇటూ చూస్తున్నాడు. బావగారు మోకాళ్ళ మధ్యనుంచి డబ్బా తీసి కిటికీలోంచి అందించారు.

"సల్లారినాక పొయ్యి. ఇంటికెల్లినాక కూలంట్ ఎయ్యి బాబూ. రంగు సూసి కొనకు, డబ్బా ఎనకాల సదువు."

నేను గేరు మార్చడం మర్చిపోయాను. వెనక బస్సువాడు హారన్ కొడితే గాని బండి కదల్లేదు. పట్టాలు దాటి హైవే ఎక్కాక అంత లోడుతోనూ నా ముసలి బండి పాడుకుంటూ పోయింది. నిజం చెప్తున్నాను, ఆ టెక్కలి రోడ్డు మీద నేను కూడా పాడాను, మనసులో.

టెక్కలిలో కాయ దించి, మంచి బేరం కుదిరి, తిరుగు దారి పట్టేసరికి మధ్యాహ్నమైంది. ఆపు అన్నారు బావగారు. చూస్తే తుక్కు కొట్టు.  ఇంత జరిగాక కూడానా అనుకున్నాను. కొట్టువాడు ముందే కబురు ఉన్నట్టు తువ్వాలు దులుపుకుంటూ వచ్చి, బండి చుట్టూ తిరిగి, టైరుని కాలితో తన్ని, వెనక తొట్టి చెక్క మీద తట్టి, ఇదేనా తమ్ముడు గారి బండి అన్నాడు. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. నేను స్టీరింగు వదల్లేదు.

బావగారు ఎడమ తలుపు లోపలి గొళ్ళెం తీసి దిగారు. వాడు తన్నిన టైరు మీది దుమ్ముని తన కండువాతో తుడిచారు.

"తమ్ముడిది కాదు. ఇది మా మరదలి బండి. అమ్మదు, అడక్కు."